తొకుజి గారి వాకిట్లో తెల్లరాళ్ళు

మా ఊళ్ళో ఎవరికీ గిట్టని పని ఒకటి ఉండేది. గుడి ముందు నాటకమాడే వేదిక చుట్టూ పరిచిన తెల్లరాళ్ళలో గడ్డి పీకడం. ఆ గడ్డి రాయికీ రాయికీ మధ్య మొలుస్తుంది. చేతికి దొరకదు, దొరికినా పైన తెగి వేరు లోపలే ఉండిపోతుంది. ఊళ్ళో మిగిలిందేమో నడుములు పట్టేసిన వాళ్ళమే. అందుకని పోయిన ఏడు ఆకులు రాలే కాలంలో మా ఆట సంఘం పెద్ద ఇషిజుకా తొకుజి గారు ఆ రాళ్ళన్నీ ఎత్తించేసి, ఆ చోటంతా గడ్డి మొలవని నల్లపట్టా పరిపించారు. దేవుడి ముంగిలి ఎంత శుభ్రంగా ఉందో అని ఊరంతా మెచ్చుకుంది. నేను తోటలో ఆపిల్ కోతల్లో ఉండిపోయాను గానీ, అక్కడుంటే నేనూ మెచ్చుకునేదాన్నే.

అది చాలదన్నట్టు, చలికాలం వెళ్ళాక వేదికకు ఎదురుగా రెండు స్తంభాలు పాతించి ఫ్లడ్‌లైట్లు పెట్టించారు. పట్నం నుంచి ఆట చూడ్డానికి వచ్చేవాళ్ళు చీకట్లో ఏమీ కనిపించడం లేదని సణుగుతున్నారట. లైట్లు వెలిగిన రోజు పెద్దాయన వాటికింద నిలబడి ఫొటో కూడా తీయించుకున్నారు. ఇవన్నీ వచ్చి నా నెత్తికే చుట్టుకుంటాయని అప్పుడు నాకేం తెలుసు.

నా పేరు సోనొయే. ఈ సాదో దీవిలోనే ఇంకో ఊళ్ళో పుట్టి ఇక్కడికి కోడలిగా వచ్చాను. మా దీవిలో నో అనే పాతకాలపు నాటకం ఆడేది పొలం వాళ్ళూ, పడవల వాళ్ళూ. నాట్లు అయిపోయాక జూన్‌లో ఒకరోజు, పొద్దు వాలే వేళ మొదలుపెట్టి దివిటీలు ముట్టించే వేళకు ముగిస్తాం. మా ఊరి ఆట ఒక ఆడమనిషి కథ. సముద్రం మీదికి పోయిన మొగుడి కోసం తీరంలో నిలబడి చూస్తుంటుంది. తెరచాప కనబడుతుంది. తల ఎత్తుతుంది. అది వేరేవాళ్ళ పడవ. తల దించుకుంటుంది. అంతే. పెళ్ళయిన కొత్తలో మా ఆయన కియోహరు "అందులో ఏముందే చూడ్డానికి" అన్నాడు. ఆట చూసొచ్చిన నేను అన్నం కూడా ముట్టకుండా ఏడుస్తూ కూర్చునేసరికి నోరు మూసుకున్నాడు.

ఆ ఆడమనిషి ముఖం కొయ్యది. మేం దాన్ని మాస్కు అనం, ముఖం అనే అంటాం. ఊరికి ఉన్నది అదొక్కటే. దాన్ని కొంచెం ఎత్తడాన్ని మా వాళ్ళు "వెలిగించడం" అంటారు, కొంచెం దించడాన్ని "మబ్బు పట్టించడం" అంటారు. ఎత్తితే నవ్వుతుంది. దించితే కళ్ళకింద తడి కనిపిస్తుంది. కొయ్యలో ఏ మార్పూ ఉండదు, దాని మీది వెలుగే మారుతుంది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ, ముప్పై ఏళ్ళపాటు, ఏటా ముందు వరసలో గడ్డి మీద కూర్చుని దాన్ని చూశాను. ఆ ముప్పై ఏళ్ళూ దాన్ని పెట్టుకున్నది తొకుజి గారే.

నేనేమో చెట్లు కత్తిరిస్తూ పాటంతా నోటికి పట్టేశాను. ఆపిల్ పెట్టెలు పక్కకు జరిపి కొట్టంలో అడుగులన్నీ వేశాను. ఒక్కసారి, కాళ్ళు చేతులు ఆడుతుండగా ఒక్కసారి ఆ ముఖం పెట్టుకుని ఆ వేదిక మీద నిలబడాలి. నాకున్న కోరిక అదొక్కటే. అడిగిన ప్రతిసారీ పెద్దాయన "ఆడవాళ్ళా?" అని నవ్వి ఇంకో మాటలోకి వెళ్ళిపోయేవారు.

చివరికి ఆయన మోకాళ్ళు మొరాయించాయి. ఆయన మేనల్లుడు కజుఫుమి రేవులో ఓడ టిక్కెట్లు అమ్ముతాడు. సాధనకు రమ్మన్నప్పుడల్లా ఓడ ఆలస్యమైందంటాడు. పాట మొత్తం వచ్చినవాళ్ళు నేను తప్ప ఎవరూ మిగల్లేదు. పెద్దాయన చేదుమందు మింగినవాడిలా ముఖం పెట్టి ఒప్పుకున్నారు. మా ఊళ్ళో ఒక ఆడమనిషి ఆ ముఖం పెట్టుకోవడం అదే మొదలు.

మే నెల చివర, ముఖం పెట్టుకుని వేదిక మీద మొదటి సాధన జరిగింది. ఇంకా పొద్దు ఉండగానే ఫ్లడ్‌లైట్లు వేసేశారు. ముఖం లోపలి నుంచి మనకేమీ కనబడదు. రెండు సన్నటి కన్నాల్లోంచి వేదిక ముందు మూలన ఉన్న కొయ్యస్తంభం, అంతే. ఆ స్తంభాన్ని ఆధారం చేసుకుని నడిచి వచ్చాను, తెరచాప కనబడే చోట తల ఎత్తాను, తర్వాత దించాను. ఆట ఆగింది. డోలు కొట్టే గెంపాచి పక్కవాడితో గుసగుసలాడటం వినబడింది.

"నవ్విందా?"

"ఎప్పుడు?"

"ఇందాక ఎత్తింది కదరా."

"ఎత్తిందా? నేను రెప్ప వెయ్యకుండా చూస్తూనే ఉన్నానే."

నాకు తల కొట్టేసినట్టయింది. తొకుజి గారు వేదిక కిందనుంచి అరిచారు. "ఆపిల్ తోటోళ్ళ కోడలా, మెడలో కర్ర పెట్టుకొచ్చావా ఏంటి? వెలిగించమంటే వెలిగించాలి."

మా ఊళ్ళో మనిషిని ఇంటిని బట్టే పిలుస్తారు. నాకు జుట్టు నెరిసింది, మా అత్త పోయి కూడా చాలాకాలమైంది, అయినా ఆయనకు నేనింకా తోటోళ్ళ కోడలినే. మళ్ళీ ఎత్తాను, మళ్ళీ దించాను. ఎదురుగా కొట్టే ఆ లైట్లలో ముఖం పిండిముద్దలా ఉందట, ఎటు తిప్పినా ఒకటేనట. లైట్లు ఆర్పించి చూశారు. అప్పుడు చూరుకింద ముఖం ఉన్నచోట నల్లగా గుంతలా కనబడిందట. ఆ రోజు ఏ ఓడా ఆలస్యం కాలేదేమో, కజుఫుమి కూడా వచ్చి ఉన్నాడు. అతనికి పెట్టి చూశారు. అతని మీదా అంతే. అయితే అతనికి "సాధన తక్కువ" అన్నారు. నాకు మాత్రం "ఆడదాని మెడకు ఆ పనితనం ఎక్కడినుంచి వస్తుంది" అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

"మీరెలా వెలిగించేవారో చెప్పండి, పెద్దాయనా" అన్నాను.

"చెప్పడానికేముంది? ఎత్తితే వెలిగేది. ఇన్నేళ్ళు పెట్టుకున్నాను, నా మీద ఒక్కసారైనా ఇలా చచ్చిందేమో ఊళ్ళో ఎవరినైనా అడుగు."

ఎవరినీ అడగాల్సిన పనిలేదు. చావలేదు. నేనే సాక్షిని.

"ఆట ముందు ఇంకో సాధన ఉంది కదా. అప్పటికీ ఇలాగే ఉంటే మా వాడే ఆడతాడు. కొయ్య మొహాన్ని చూడ్డానికి జనం ఓడ దిగి రారు" అని తేల్చేశారు పెద్దాయన.

ఇంటికి వచ్చి అద్దం ముందు కూర్చున్నాను. ఎత్తాను, దించాను. మెడ పట్టేసింది గానీ తప్పు ఎక్కడుందో అంతు చిక్కలేదు. మర్నాడు ఎండ బాగా కాసింది. వానలు పట్టకముందే కడిగి ఆరబెట్టాలని కియోహరు కొట్టంలోంచి తెల్లపట్టాలు తీసి పెరట్లో పరిచాడు. కాయ పైన ఎర్రబడితే చాలదు, అడుగున కూడా రంగు పట్టాలి. అందుకని కోతలకు ముందు ఆపిల్ చెట్ల కింద పరిచే పట్టాలు అవి. పెద్ద గడ్డిటోపీ పెట్టుకుని వంగి చీపురుతో రుద్దుతున్నాడు. నేను బార్లీ టీ తీసుకెళ్ళాను. టీ అందుకోవడానికి తల కొంచెం ఎత్తాడు.

ఒట్టు, నన్ను చూసుకోవడానికి వచ్చిన రోజు ఎలా ఉన్నాడో అలా ఉన్నాడు. టోపీ నీడలో ఆ ముదురు ముఖం అడుగునుంచి మెల్లగా వెలుగుతోంది. ముడతలేవీ లేవు.

"ఏమయ్యా, కదలకు" అన్నాను.

"ఏంటి, పామా?"

"తల దించు. కొంచెమే. ఇప్పుడు ఎత్తు."

"టీ చల్లారిపోతోందే."

"చల్లారనీ. మళ్ళీ దించు."

దించినప్పుడు ముఖం నల్లబడలేదు. కళ్ళకింద సన్నగా ఒక మెరుపు నిలబడింది. కాయ అడుగున రంగు ఎక్కడినుంచి వస్తుందో చెట్టుకంటే నాకే బాగా తెలుసు. ఆ తెలివి నిన్న వేదిక మీద ఏ గట్టుకు మేయడానికి పోయిందో. వేదిక మీది గడ్డికప్పును మా పూర్వీకులు అంత కిందికి దించింది పైవెలుగు లోపలికి రాకూడదనే. వేదిక మీదికి వచ్చేదంతా తెల్లరాళ్ళ మీద పడి, కిందనుంచి లేచి, చూరుకింద చీకట్లోకి పాకే వెలుగే. ముఖాన్ని చెక్కినవాడు ఆ వెలుగుకు సరిపడేలా చెక్కాడు. తొకుజి గారు ఆ వెలుగును ఎత్తించి పారేసి, దాని చోట నల్లపట్టా వేయించారు.

"ఆ పట్టా ట్రక్కులో వెయ్యి" అన్నాను.

"నీకేమైనా పిచ్చి పట్టిందా?"

"పట్టింది. తొందరగా వెయ్యి."

ముఖం ఉండే పెట్టె తొకుజి గారి ఇంట్లో ఉంటుంది, తాళం ఆయన భార్య మసుయో దగ్గర. ఆవిడ అటూ ఇటూ చూసి, "ఆయనకు తెలిస్తే ఊరుకోరే" అంది.

"తెలియాలనే అడుగుతున్నాను, అక్కా. మీరూ రండి. మీ కళ్ళతో మీరే చూడండి."

వేదిక ముందు నల్లపట్టా మీద మా తెల్లపట్టా పరిచాం. ఎండ దాని మీద పడగానే చూరుకింద కొయ్యవాసాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. కియోహరు పాదాలు తుడుచుకుని, వేదిక ఎక్కి, ముఖాన్ని రెండు చేతులతో తన ముఖం ముందు పట్టుకున్నాడు. మసుయో అక్క, నేను కింద నిలబడ్డాం.

"ఎత్తు" అన్నాను.

అది నవ్వింది. ముప్పై ఏళ్ళుగా నేను చూసిన నవ్వే అది. దించమన్నాను. మసుయో అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వచ్చేసింది. ఎక్కడికో వెళ్ళిపోయి, వచ్చేసింది" అంది. నాకు కళ్ళమ్మట నీళ్ళు ఆగలేదు. నా మెడలో తప్పేమీ లేదు.

అంతలో వెనకనుంచి కర్ర చప్పుడయింది. కియోహరు గాభరాగా ముఖాన్ని దించి పెట్టెలో పెట్టేశాడు. అందువల్ల తొకుజి గారికి కనబడింది ప్లాస్టిక్ పట్టా ఒక్కటే.

"దేవుడి ముందు ప్లాస్టిక్ పరుస్తావా?"

"ఆ నల్లది మాత్రం ఏమిటి పెద్దాయనా, పట్టుబట్టా?"

"అది గడ్డి కోసం."

"ఇది ముఖం కోసం. ముఖాన్ని బతికించేది మెడ కాదు, ఆ తెల్లరాళ్ళు. అవి తీసేశారు కనుక చచ్చింది."

"రాళ్ళా?" ఆయన మొదట నవ్వారు, తర్వాత ముఖం గంటు పెట్టుకున్నారు. "అంటే ఇన్నేళ్ళూ ఆడింది నేను కాదా? రాళ్ళు ఆడాయా?"

అక్కడ తగిలిందన్నమాట. మెత్తగా ఏదైనా చెబుదామనుకున్నాను గానీ, మెత్తగా చెప్పడం నాకు పుట్టుకతోనే రాదు. "మీరూ ఆడారు, రాళ్ళూ ఆడాయి. ఈ ప్లాస్టిక్ మీకు గిట్టకపోతే తీసేస్తాను. రాళ్ళు ఇవ్వండి" అన్నాను.

ఆయన కర్రతో నల్లపట్టా అంచు పొడిచారు. రాళ్ళు ఎక్కడున్నాయో ఊళ్ళో పిల్లినడిగినా చెబుతుంది. పెద్దాయన వాకిట్లో, ఆయన చిన్న ట్రక్కు కింద, బురద కాకుండా చక్కగా పరిచి ఉన్నాయి.

"ఊరికే పారబోస్తుంటే తెచ్చాను" అన్నారు చివరికి.

"నాకైతే వాటి మీద నడవడం మొదటినుంచీ చావే" అంది మసుయో అక్క ఆకాశం వైపు చూస్తూ.

"గడ్డి ఎవడు పీకుతాడు?"

"నేను."

"ఏటేటా?"

"బతికున్నంతకాలం."

"నీ చేతులతో మోసుకుపోగలిగితే పట్టుకుపో. సాధన నాటికి ముఖం బతక్కపోతే మాత్రం మా వాడే ఆడతాడు. లైట్లు కూడా ఆర్పేది లేదు" అని కర్ర ఆడించుకుంటూ వెళ్ళిపోయారు.

మా ఊళ్ళో ఎవరూ ఒకసారి ఇస్తానన్నాక ఎదుటివాళ్ళ ముఖం మీద కాదనరు. మర్నాడు పొద్దున్నే ఆపిల్ పెట్టెలేసుకుని వెళ్ళేసరికి ఆయన ట్రక్కు వాకిట్లో సరిగ్గా నడిమధ్యన రాళ్ళ మీద నిలబడి ఉంది. మా వాళ్ళు కాదనే పద్ధతి అది. పెద్దాయన వరండా అంచున కూర్చుని పేపరు చదువుతున్నారు. నేను వంగి "దండాలండీ, పెద్దాయనా" అన్నాను. "ఎండెక్కువగా ఉంది, జాగ్రత్త" అన్నారాయన పేపరులోంచే. నేను ట్రక్కు చుట్టూ ఉన్న రాళ్ళు ఏరడం మొదలుపెట్టాను. నేనున్నంతసేపూ ఆయన పేజీ తిప్పలేదు.

ఆ మర్నాడూ వెళ్ళాను, ఆ తర్వాతా వెళ్ళాను. చుట్టూ అయిపోయాక ట్రక్కు కిందికి చెయ్యి పోనిచ్చి లాగాను. చివరికి ఆ ట్రక్కు నాలుగు చక్రాల కింద నాలుగు రాళ్ళకుప్పలు మాత్రం మిగిలాయి. నేను నేల మీద పడుకుని ఒక చక్రం కిందనుంచి ఒక్కో రాయీ పీకుతుంటే, వరండా మీదనుంచి పేపరు మడిచిన చప్పుడు వినిపించింది.

"నా బండి ఒరిగిపోతుంది" అన్నారు పెద్దాయన.

"ఒరగనివ్వను. మెల్లగా తీస్తున్నాను."

"లే అక్కణ్ణుంచి. మీద పడితే మీ ఆయనకు నేను జవాబు చెప్పుకోవాలి." గొణుక్కుంటూ వచ్చి బండి ఎక్కి, దాన్ని రోడ్డు మీదికి తీసి పెట్టారు. మళ్ళీ వెళ్ళి పేపరు విప్పుకున్నారు.

ఆ రాళ్ళు తెల్లరాళ్ళంటే ఎవరూ నమ్మరు. బండి నూనె, బురద, నాచు. పొలం కాలువ దగ్గర కూర్చుని ఒక్కో పెట్టె నీళ్ళలో ముంచి పీచుతో తోమాను. చేతులు పగిలాయి. గెంపాచి గట్టు మీద నిలబడి, "పెద్దాయన వాకిలి దోచుకుంటున్నావట. పోలీసులకు కబురు చెయ్యనా?" అన్నాడు.

"చెయ్యి. వాళ్ళక్కూడా తలో పీచు ఇస్తాను."

అతను నవ్వుకుంటూ పోయి, తోపుడుబండి తోసుకొచ్చాడు. మసుయో అక్క అన్నం ముద్దలు కట్టుకుని, చీపురుతో సహా వచ్చింది. మొగుడికి వినబడేలా మాట్లాడలేని మాటలన్నీ ఆ రాళ్ళ మీద రుద్దింది. వేదిక ముందు నల్లపట్టాను కియోహరు కోసి తీసేశాడు. రాళ్ళు పరిచేసరికి నడుము నాది కాదనిపించింది, అయినా అక్కడే నిలబడి తనివితీరా చూసుకున్నాను.

అంతా అయిందనుకునేసరికి వానలు పట్టుకున్నాయి. సాధన రోజున ఆకాశం చిల్లుపడినట్టు కురిసింది. గుడి మంటపంలో పాట ఒక్కటే పాడుకున్నాం, ముఖం బయటికి తీయలేదు. కజుఫుమి వేదిక ఎక్కడానికి కొత్త మేజోళ్ళు కూడా కొనుక్కున్నాడని గెంపాచి చెప్పాడు. సాధన లేదు కాబట్టి ఇక పెద్దాయన ఏమంటే అదే. ఆయన మాత్రం ఆట రోజు చూద్దామన్నారు.

ఆట రోజు మధ్యాహ్నానికి వాన వెలిసింది. జనం వచ్చి గడ్డి మీద చాపలు పరుచుకున్నారు. ఓడ దిగి పట్నం వాళ్ళూ వచ్చారు. నేను వేషం కట్టుకుని తెర వెనక అద్దం గదిలో కూర్చున్నాను. ముఖం నా ముందు పెట్టెలో ఉంది. తెర పక్కనుంచి తొంగి చూస్తే ఫ్లడ్‌లైట్లు భగభగా వెలుగుతున్నాయి. వాటికింద రాళ్ళూ, వేదికా, వెనకగోడ మీద గీసిన దేవదారు చెట్టూ అన్నీ ఒకటే రంగు.

వంతపాటకు ముందుండేది తొకుజి గారే. బట్టలు సర్దుకుంటూ లోపలికి వచ్చి, "ముఖం పెట్టుకోలేదేం? వేణువు ఊదబోతున్నారు" అన్నారు.

"లైట్లు ఆర్పించండి. అప్పుడు పెట్టుకుంటాను."

"ముందే చెప్పాను కదా, ఆర్పేది లేదని."

"అయితే నేను లేచేదీ లేదు."

రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను.

"ఆర్పాక ఏమీ కనబడకపోతే? పట్నం వాళ్ళ ముందు ఊరి పరువేం కావాలి?"

"ముఖం బతక్కపోతే మీవాడికి ఇచ్చేయండి. ఈ ఏడే కాదు, ఇంకెప్పుడూ నేనీ మాట ఎత్తను. వేదిక ఎక్కను, పాట కూడా పాడను. గడ్డి మాత్రం పీకుతాను. చెప్పిన మాట చెప్పినట్టే."

ఆయన నా వైపు తిరిగి చూశారు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను నిలబడి చూడటం అదే మొదటిసారేమో. "మొండిదానివి" అన్నారు. తర్వాత తెర వైపు తిరిగి, "మసుయో, ఆ లైట్లు" అన్నారు. మాట పూర్తికాకముందే లైట్లు ఆరిపోయాయి. మసుయో అక్క అప్పటికే స్విచ్చి దగ్గర నిలబడి ఉంది.

బయట జనంలో గుసగుసలు లేచాయి. నేను ముఖానికి వంగి దండం పెట్టి, పైకెత్తి పెట్టుకున్నాను. తెర లేచింది.

లోపల అంతా చీకటి. రెండు కన్నాలు, ఒక స్తంభం. కాళ్ళకింద బల్లలు మాత్రం తెలుస్తున్నాయి. తెర నుంచి వేదికకు పోయే వంతెన దారి మీద నడిచి, మలుపు తిరిగి, వేదిక ముందుకు వచ్చాను. పొద్దు గుడి వెనక చెట్ల మీద ఉండే వేళ అది. ఎండ వాలుగా రాళ్ళ మీద పడుతూ ఉండాలి. ఉందో లేదో నాకు కనబడదు. వంతపాట తెరచాప దగ్గరికి వచ్చింది. తల ఎత్తాను.

చప్పుడు లేదు. ఒక్క దగ్గు కూడా లేదు. అది మంచికో చెడుకో తెలియలేదు. మొదటి సాధనలోనూ తల ఎత్తినప్పుడు ఇలాగే ఎవరూ చప్పుడు చేయలేదు.

వేరేవాళ్ళ పడవ. తల దించాను. నేను దించి నిలబడగానే వంతపాట అందుకోవాలి. పెద్దాయన గొంతు ముందు లేవాలి, వెనక మిగతావాళ్ళు కలవాలి. ఆయన గొంతు లేవలేదు. గెంపాచి డోలు దెబ్బ ఆపి, పాటకు అందించే కేకను సాగదీసి, ఇంకా సాగదీసి పట్టుకున్నాడు. అయినా లేవలేదు. అయిపోయింది, అనుకున్నాను. ముఖం చచ్చింది, పెద్దాయన పాట ఆపేశారు, మాట ప్రకారం నా పని అయిపోయింది. అయినా నేను తల ఎత్తలేదు. ఆ ఆడమనిషి ఎంతసేపు నిలబడాలో అంతసేపూ నిలబడాలనుకున్నాను. చివరికి వెనక వరసలో ఎవరో పాట అందుకున్నారు, మిగతావాళ్ళు కలిశారు. తొకుజి గారి గొంతు మాత్రం చాలా ఆలస్యంగా, బొంగురుగా వచ్చి చేరింది.

దివిటీలు ముట్టించేవరకూ ఆడాను. చివరి అడుగు వేసి, వంతెన దారి మీదుగా వెనక్కి నడిచి, తెర దాటి, అద్దం గదిలో కూలబడ్డాను. కియోహరు ముఖం విప్పి పెట్టెలో పెట్టాడు. బయట జనం ఇంకా కదలలేదు. మసుయో అక్క తలుపు దగ్గర నిలబడి చేతిగుడ్డతో ముక్కు తుడుచుకుంటోంది. నేను అడగబోయేలోగా తొకుజి గారు వచ్చారు. మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా నా ఎదురుగా కూర్చున్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పాట తప్పాను" అన్నారు.

"విన్నాను."

"నా జన్మలో ఎప్పుడూ తప్పలేదు."

ఆయన పెట్టె వైపు చూశారు. "అది ఏడ్చింది" అన్నారు. "కళ్ళకింద తడి. పక్కనుంచి చూస్తున్నాను కదా, స్పష్టంగా కనబడింది. నిజంగా ఏడుస్తున్నావేమో అనుకున్నాను. నేను పెట్టుకున్నప్పుడూ అలాగే ఉండేదా?"

అప్పటికి గానీ నాకు వెలగలేదు. ఊళ్ళో ప్రతివాళ్ళూ ఆ ముఖాన్ని చూశారు, ఆయన తప్ప. ఆయన ఇన్నేళ్ళూ లోపలే ఉన్నారు. ఆయనకు తెలిసింది ఒక స్తంభం, రెండు కన్నాలు. బయట ఆ రాళ్ళు ఏం చేస్తున్నాయో ఆయనకెలా తెలుస్తుంది? ఆయనకవి గడ్డి మొలిచే రాళ్ళే. ఇన్నాళ్ళూ ఆయన మీద పెంచుకున్న కోపమంతా నాలో నీరుగారిపోయింది.

"అచ్చం అలాగే ఉండేది, పెద్దాయనా. ఏటా నన్ను ఏడిపించేది" అన్నాను.

ఆయన తల ఊపారు. "నాకెవరూ చెప్పలేదే" అన్నారు. తర్వాత లేవడానికి చెయ్యి చాపారు, నేను పట్టుకుని లేపాను. తలుపు దాకా వెళ్ళి ఆగారు.

"సోనొయే" అన్నారు. నన్ను పేరుతో పిలవడం ఎన్నడూ ఎరగను. "వచ్చే ఏడూ నువ్వే ఆడు. ఆ పై ఏడు కూడా."

ముప్పై ఏళ్ళు ఎదురుచూసిన మాట. అంతలోనే ఇంకోటి తట్టింది. ఆ ముఖం నవ్వడం నేను చివరిసారి చూసింది వేదిక ముందు మా తెల్లపట్టా పరిచిన రోజే. ఇక నుంచి దాన్ని చూడలేనిదాన్ని ఊళ్ళో నేనొక్కదాన్నే.

"మరి నేనెప్పుడు చూడాలి?" అన్నాను.

"నువ్వు ముప్పై ఏళ్ళు చూశావు. ముందు వరసలో ఆ చోటు ఇకమీదట నాది" అన్నారు తొకుజి గారు. "పొద్దున్నే పిలువు. గడ్డి పీకడానికి నేనూ వస్తాను."